పాలగిన్నె పక్కన ఎంతకాలం?



పొయ్యి మీద పాలు పెట్టినప్పుడు మనం ఏం చేస్తాం? పక్కనే నిలబడతాం. చేతిలో గరిటె పట్టుకుని, కళ్లు గిన్నె మీదే పెట్టుకుని నిలబడతాం. పాలు చెప్పి పొంగవు. ఒక్క క్షణం అటు తిరిగామా, పొయ్యంతా పాలే. అదే పొయ్యి మీద కుక్కరు పెట్టామనుకోండి. బియ్యం కడిగి, నీళ్లు పోసి, మూత బిగించి, ముందుగదిలోకి వచ్చేస్తాం. బట్టలు మడతపెట్టుకుంటాం. చెల్లెలితో ఫోన్ మాట్లాడుకుంటాం. కుక్కరు తనే పిలుస్తుంది కదా. విజిల్ వేస్తుంది. ఇంట్లో ఏ మూలనున్నా వినబడుతుంది.

పాలగిన్నె. కుక్కరు. ఈ రెండూ కాస్త గుర్తుపెట్టుకోండి. ఇవాళ నేను చెప్పే మాటంతా వీటి చుట్టూనే తిరుగుతుంది.

విషయం ఏమిటంటే, పసిపిల్లలు పడుకునే గదిలో పెట్టే మానిటర్. బేబీ మానిటర్ అంటారు. కొన్నిటిలో చప్పుడు మాత్రమే వినబడుతుంది. కొన్నిటిలో కెమెరా కూడా ఉంటుంది. పిల్ల ఒక గదిలో పడుకుంటే, తల్లి ఇంకో గదిలో చిన్న తెర మీదో, ఫోన్లోనో చూసుకుంటుంది. మన ఊళ్లలో దీని అవసరం పెద్దగా రాలేదు. పిల్లలు తల్లి పక్కలోనో, నాయనమ్మ పక్కలోనో పడుకున్నారు. పగలు చీర ఉయ్యాలలో పడుకుంటే, ఉయ్యాల తాడు చివర ఎవరో ఒకరి చేతిలోనో, కాలి వేలికో ఉండేది. ఇప్పుడు మన పిల్లలు డాలస్‌లో ఉన్నారు, న్యూజెర్సీలో ఉన్నారు, మెల్‌బోర్న్‌లో ఉన్నారు. హైదరాబాదులోనూ కొండాపూర్, గచ్చిబౌలి అపార్ట్‌మెంట్లలో పిల్లలకు వేరే గది ఏర్పాటు చేస్తున్నారు. అలా మానిటర్ మన ఇళ్లలోకీ వచ్చింది.

ఎప్పుడు పెట్టాలో అందరూ చెబుతారు. కొనేటప్పుడు షాపువాడు చెబుతాడు, స్నేహితులు చెబుతారు. ఎప్పుడు తీసెయ్యాలో ఎవరూ చెప్పరు. దాని గురించే ఈ ప్రసంగం.

మా సొంత ఇంటి సంగతే చెబుతాను.

మా అమ్మాయి డాలస్‌లో ఉంటుంది. పురుటికి నేను వెళ్లాను. ఆరు నెలలున్నాను. ఆ ఆరు నెలలూ మా మనవడు బుజ్జిగాడి తొట్టి వాళ్ల మంచం పక్కనే ఉండేది. నేను తెనాలి తిరిగొచ్చాక, ఏడో నెలలో వాణ్ణి పక్క గదికి మార్చారు. అప్పుడే కెమెరా పెట్టారు. అదే యాప్ నా ఫోన్లో కూడా పెట్టించింది మా అమ్మాయి. "అమ్మా, నీకెప్పుడు కావాలంటే అప్పుడు చూసుకో" అంది. నాకంతకంటే ఏం కావాలి! ఇక్కడ పొద్దున ఎనిమిదైతే వేసవిలో అక్కడ రాత్రి తొమ్మిదిన్నర. నేను కాఫీ గ్లాసు పట్టుకుని వరండాలో కూర్చుని, డాలస్‌లో నిద్రపోతున్న మనవణ్ణి చూసుకునేదాన్ని. చీకట్లో కూడా కనబడే కెమెరా అది. బొమ్మ బూడిదరంగులో ఉంటుంది. వాడు బోర్లా తిరిగి, మోకాళ్లు కిందికి ముడుచుకుని, వెనక భాగం పైకెత్తి పడుకునేవాడు. ఆ బొమ్మ నా కళ్లకు ఇప్పటికీ కట్టినట్టే ఉంది.

కాబట్టి మానిటర్ చెడ్డదని చెప్పడానికి నేను రాలేదు. దాని విలువ తెలిసినదాన్నే. దాని పని ఎప్పుడు అయిపోతుందో తెలుసుకోవాలి అంటున్నాను.

ఈ యంత్రం ఎలా పుట్టిందో ఒక్కమాట చెప్పనివ్వండి. రేడియో వినేవాళ్లకు ఇది నచ్చుతుంది. ఎందుకంటే మొదటి మానిటర్ పేరే రేడియో నర్స్.

1932 మార్చి 1 రాత్రి. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం. అట్లాంటిక్ మహాసముద్రాన్ని విమానంలో ఒంటరిగా దాటి పేరు తెచ్చుకున్న చార్లెస్ లిండ్‌బర్గ్ ఇల్లు. మేడ మీది గదిలో ఆయన కొడుకు, 20 నెలల పిల్లాడు, నిద్రపోతున్నాడు. తల్లీ తండ్రీ ఇంట్లోనే ఉన్నారు. ఎవరో నిచ్చెన వేసుకుని వచ్చి పిల్లాణ్ణి ఎత్తుకుపోయారు. తర్వాత ఆ బిడ్డ ప్రాణాలతో దొరకలేదు. ఆ దేశంలో తల్లిదండ్రులందరికీ ఆ వార్త గుండెల్లో గుచ్చుకుంది. జెనిత్ అనే రేడియో కంపెనీ పెద్ద, యూజీన్ మెక్‌డోనాల్డ్ అనే ఆయనకు ఒక చిన్న కూతురుండేది. ఆయనకూ అదే బెంగ. 1937లో ఆ కంపెనీ రేడియో నర్స్‌ను తెచ్చింది. దాని రూపం తీర్చింది ఇసాము నొగుచి అనే గొప్ప శిల్పి. పిల్ల మంచం దగ్గర పెట్టే పెట్టెకు గార్డియన్ ఇయర్ అని పేరు. అంటే కాపలా చెవి అన్నమాట. పిల్ల చప్పుడు ఇంట్లో ఉన్న కరెంటు తీగల మీదుగానే పెద్దవాళ్ల గదికి చేరేది. ఒక్కోసారి ఆ తీగల్లోకి బయటి రేడియో కార్యక్రమాలు కూడా చొరబడేవట.

ఇందులో నాకు రెండు సంగతులు కనబడతాయి. ఒకటి, ఈ యంత్రం భయంలోంచి పుట్టింది. న్యాయమైన భయమే. రెండోది, అది మొదట చెవిగా పుట్టింది. కన్ను తర్వాత వచ్చింది. పిల్ల పిలిస్తే వినడానికి పుట్టిన యంత్రం, పిల్ల పిలవకపోయినా చూస్తూ కూర్చునే యంత్రంగా మారింది. చిక్కంతా అక్కడే మొదలైంది.

మళ్లీ పాలగిన్నె దగ్గరికి వద్దాం.

పుట్టిన బిడ్డ పాలగిన్నె. మొదటి ఆరు నెలలూ పాలగిన్నే. బిడ్డకు ఏం కావాలో చెప్పడం రాదు. మెడ నిలవదు. ముఖం మీద గుడ్డ పడితే తీసుకోలేదు. కాబట్టి పక్కనే ఉండాలి. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ అని పిల్లల డాక్టర్ల సంఘం ఉంది. వాళ్లు చెప్పేది, కనీసం ఆరు నెలలు బిడ్డ తల్లిదండ్రుల గదిలోనే పడుకోవాలని. గది ఒకటే, పక్క మాత్రం వేరు. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలి. పరుపు గట్టిగా, చదునుగా ఉండాలి. తొట్టిలో దిండు వద్దు, మందపాటి దుప్పటి వద్దు, బొమ్మలు వద్దు. మన వైపు తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు పెడతాం కదా, నిద్రపోయే తొట్టిలో అదీ వద్దు. నేను ప్రేమగా కుట్టించి, పెట్టెలో సర్దుకుని తీసుకెళ్లిన దిండు అలాగే పెట్టెలో ఉండిపోయింది. మొదట మనసు చివుక్కుమంది. కారణం విన్నాక మారుమాట్లాడలేదు.

కారణం ఏమిటంటే, ఆరోగ్యంగా ఉన్న పసిబిడ్డ నిద్రలోనే హఠాత్తుగా చనిపోవడం అనేది అరుదుగానైనా జరుగుతుంది. ఎక్కువగా మొదటి ఆరు నెలల్లోనే, అందులోనూ రెండు నుంచి నాలుగు నెలల మధ్య జరుగుతుంది. అమెరికాలో 1994లో పసిపిల్లల్ని వెల్లకిలా పడుకోబెట్టండని పెద్ద ప్రచారం చేశారు. ఆ తర్వాత ఏళ్లలో ఈ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. గమనించండి. తగ్గించింది యంత్రం కాదు. పడుకోబెట్టే తీరు. ఇంట్లో పెట్టుకునే గుండె కొలత, ఊపిరి కొలత యంత్రాల్ని ఈ ప్రమాదానికి విరుగుడుగా నమ్ముకోవద్దని అదే డాక్టర్ల సంఘం స్పష్టంగా చెబుతోంది.

అంటే, పాలగిన్నె దశలో మనిషే పక్కన ఉండాలి. మీరు వంటింట్లో ఉన్నప్పుడు, పగటి కునుకు సమయంలో, మానిటర్ సాయంగా ఉంటుంది. ఉండనివ్వండి. ఒక్క జాగ్రత్త. ఆ యంత్రం తీగ తొట్టికి కనీసం 3 అడుగుల దూరంలో ఉండాలి. పిల్ల చెయ్యి చాపితే అందకూడదు. తీగ మెడకు చుట్టుకుని ప్రాణాలు పోయిన పిల్లలున్నారు. కాపలాకి పెట్టిన వస్తువే ప్రమాదం కాకూడదు.

ఆరు నెలలు దాటాయి. బిడ్డను పక్క గదికి మార్చారు. ఇప్పుడు మానిటర్‌కు నిజమైన పని పడుతుంది. మంచిదే. అయితే ఇక్కడ ఒక సంగతి తెలియక తల్లులు చాలా అవస్థ పడతారు. పిల్లల నిద్ర మన నిద్రలాంటిది కాదు. మనకు నిద్రలో ఒక్కో విడత గంటన్నర దాకా సాగితే, పసివాళ్లకు అది సుమారు 50 నిమిషాలే. పుట్టిన కొత్తలో సగం నిద్ర కలత నిద్రే. ఆ నిద్రలో వాళ్లు కదులుతారు, మూలుగుతారు, పెదాలు చప్పరిస్తారు, కళ్లు మూసుకునే కాస్త ఏడ్చి ఊరుకుంటారు. నిద్రలో నవ్వితే దేవుడు నవ్విస్తున్నాడు అనేవారు మన పెద్దవాళ్లు. ఏడిస్తే కాసేపు ఆగి చూసేవారు. మానిటర్ ఆగనివ్వదు. చిన్న మూలుగును కూడా తెచ్చి చెవిలో పోస్తుంది. తల్లి లేచి పరుగెడుతుంది. లైటు వేస్తుంది. ఎత్తుకుంటుంది. నిద్రలోనే ఉన్న పిల్లను తనే లేపుతుంది.

బుజ్జిగాడికి మూడేళ్లు వచ్చాక నేను రెండోసారి డాలస్ వెళ్లాను. ఒక రాత్రి మా అల్లుడు ఆఫీసు పని మీద ఊరెళ్లాడు. నేను మా అమ్మాయి గదిలోనే పడుకున్నాను. దాని తలగడ పక్కన ఆ తెర వెలుగుతూనే ఉంది. వాడు పక్కకు తిరిగితే తెర వెలుగు పెరుగుతుంది. మా అమ్మాయి కళ్లు తెరుస్తుంది. చూస్తుంది. మళ్లీ మూస్తుంది. నేను లెక్కపెట్టాను. తెల్లారేలోపు పదకొండుసార్లు లేచింది. వాడు ఒక్కసారి కూడా లేవలేదు.

పొద్దున అడిగాను. "ఎందుకే అన్నిసార్లు చూస్తున్నావు?"

"ఏమోనమ్మా, వాడు లేచాడేమోనని."

"లేస్తే పిలుస్తాడు కదే. మాటలొచ్చాయి. నడకొచ్చింది. నిన్న తలుపు గొళ్లెం కూడా తీశాడు."

అది ఏం మాట్లాడలేదు. కాఫీ కలుపుతూ నిలబడింది. కళ్ల కింద నల్లటి చారలు. మూడేళ్లుగా ఒక్క రాత్రి కూడా చెవులు మూసుకుని పడుకోలేదు నా కూతురు. నాకు దుఃఖం వచ్చింది. అది పాలగిన్నె పక్కన నిలబడ్డట్టే నిలబడి ఉంది. గిన్నెలో పాలు లేవు. పొయ్యి మీద ఉన్నది కుక్కరు.

ఇదీ నేను చెప్పదలచుకున్న మాట. వయసు లెక్క ఒక్కటే పెట్టుకోకండి. రెండేళ్లా, మూడేళ్లా, నాలుగేళ్లా అని అడగకండి. పిల్ల కుక్కరు అయిందా అని అడగండి. అంటే, సాయం కావాలంటే పిల్ల తనంతట తాను మిమ్మల్ని పిలవగలదా? మంచం దిగి మీ దగ్గరికి రాగలదా? ఆ పిలుపు మీకు వినబడుతుందా? ఈ మూడిటికీ అవునంటే, యంత్రం చేసే పని పిల్లే చేస్తోందన్నమాట. ఇక యంత్రం ఎందుకు?

వినబడుతుందా అన్నది ఊహించుకోకూడదు. పరీక్ష చేసి చూడాలి. మేం చేశాం. ఎలా చేశామో చెబుతాను. మీ ఇంట్లో కూడా చెయ్యండి.

రాత్రి ఎలా ఉంటుందో ఇల్లంతా అలాగే ఉంచాం. ఏసీ వేశాం. ఫ్యాను వేశాం. తలుపులు రాత్రి ఎంతమేర తీసి ఉంచుతామో అంతే తీసి ఉంచాం. బుజ్జిగాడు నా దగ్గర కింద ఆడుకుంటున్నాడు. మా అల్లుడు వాడి మంచం మీద పడుకున్నాడు. ఆరడుగుల మనిషి కాళ్లు ముడుచుకుని ఆ చిన్న మంచం మీద పడుకుని, పిల్లాడి గొంతంత గొంతుతో "అమ్మా" అన్నాడు. మా అమ్మాయి తన గదిలో కళ్లు మూసుకుని పడుకుంది. మొదటిసారి వినబడలేదు. వాళ్ల గది తలుపు మూసి ఉంది. తలుపు జానెడు తెరిచాం. మళ్లీ "అమ్మా" అన్నాడు. వినబడింది. ఏసీ చప్పుడులోంచి కూడా వినబడింది. మా అమ్మాయి లేచి కూర్చుని, "అంతేనా!" అంది. మూడేళ్ల కాపలాకు బదులు జానెడు తలుపు సందు సరిపోయింది.

వినబడకపోతే? ఇల్లు రెండంతస్తులైతే, పిల్ల పైన, మీరు కింద అయితే? అప్పుడు చప్పుడు మాత్రం వినిపించే మానిటర్ ఇంకొంతకాలం ఉంచుకోండి. లేదా రాత్రిపూట మీరూ పైనే పడుకోండి. ఇల్లు ఎలా ఉందో దాన్నిబట్టే నిర్ణయం. పక్కింటివాళ్లు తీసేశారని మనం తియ్యనక్కర్లేదు. వాళ్లు ఉంచారని ఉంచనక్కర్లేదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. కుక్కరు పెట్టి వెళ్లేముందు నీళ్లు పోశామా, వెయిట్ సరిగ్గా ఉందా అని చూస్తాం కదా. అలాగే, కాపలా తీసేముందు గదిని సరిచెయ్యాలి. పిల్ల ఎత్తు 35 అంగుళాలు వచ్చిందంటే, అంటే మూడడుగులకు ఒక అంగుళం తక్కువ, కటకటాల తొట్టిలోంచి ఎక్కి దూకే అవకాశం ఉంటుంది. డాక్టర్లు అప్పటికి మంచం మార్చమంటారు. మంచం మారిందంటే పిల్ల రాత్రి దిగి తిరగగలదు. మరి ఎటు తిరుగుతుంది? మెట్లుంటే మెట్ల దగ్గర గేటు బిగించండి. కిటికీలకు, బాల్కనీకి జాలీ ఉందో లేదో చూడండి. సొరుగుల బీరువా గోడకు బిగించండి. పిల్లలు సొరుగులు మెట్లలా ఎక్కుతారు, బీరువా మీద పడుతుంది. బాత్‌రూమ్‌లో బకెట్ నిండా నీళ్లు ఉంచే అలవాటు మనకు ఎక్కువ. రాత్రి బకెట్లు బోర్లించండి. చిన్నపిల్ల మునగడానికి బకెట్ అడుగున ఉన్న కొద్ది నీళ్లు చాలు. దారిలో చిన్న లైటు ఉంచండి. ఇవన్నీ చేసిన ఇల్లు కెమెరా కన్నా బాగా కాపలా కాస్తుంది. కెమెరా పిల్ల పడ్డాక చూపిస్తుంది. గోడకు బిగించిన బీరువా పడనే పడదు.

ఇప్పుడు ఎలా మాన్పించాలి? నేను మాన్పించడం అంటున్నది పిల్లకు కాదు. పెద్దవాళ్లకు. మానిటర్‌కు పిల్లలకన్నా మనమే ఎక్కువ అలవాటు పడతాం.

మా ఇంట్లో ఒక్కసారిగా తియ్యలేదు. నడక నేర్పే మూడు చక్రాల చెక్కబండి గుర్తుందా మీకు? పిల్లలు దాన్ని పట్టుకుని తోసుకుంటూ నడక నేర్చుకునేవాళ్లు. దాన్ని ఎవరూ లాక్కునేవారు కాదు. పిల్లే ఒక చెయ్యి వదిలేది. తర్వాత రెండో చెయ్యి. అలాగే చేశాం. మొదటి వారం బొమ్మ ఆపేశాం. తెర బోర్లించి పెట్టాం. చప్పుడు ఉంచాం. మా అమ్మాయి రెండు రాత్రులు తెర వెనక్కి తిప్పి చూసింది. మూడో రాత్రి చూడలేదు. రెండో వారం చప్పుడు తగ్గించాం. గట్టిగా పిలిస్తేనే వినబడేంత. మూడో వారం తెరను వంటింట్లో వదిలేసి పడుకున్నాం.

ఈ మధ్యలో పిల్లాడికి చెప్పాం. ఇది మర్చిపోవద్దు. విజిల్ వెయ్యడం నేర్పాలి కదా. "రాత్రి భయమేసినా, దాహమేసినా, పాస్ వచ్చినా అమ్మా అని పిలు. నేను వస్తాను. లేకపోతే నువ్వే మా గదికి వచ్చెయ్" అని మా అమ్మాయి చెప్పింది. పగలు ఆటలా చేసి చూపించింది. వాడు మంచం మీద పడుకుని "అమ్మా" అనడం, ఇది వెళ్లడం. వాడు దిగి నడిచి ఈ గదికి రావడం. ఒకే సాయంత్రం ఎనిమిదిసార్లు ఆడించుకున్నాడు. పిలిస్తే వస్తారన్న నమ్మకం కుదిరిన పిల్ల, ఊరికే పిలవదు.

ఎందుకు నేర్పాలో నాకు ఒక రోజు తెలిసొచ్చింది. అది చెబుతాను.

వాడికి రెండున్నరేళ్లప్పుడు. నేను తెనాలిలో ఉన్నాను. ఒక పొద్దున ఫోన్లో చూస్తుంటే వాడు లేచి కూర్చున్నాడు. వాళ్లకు రాత్రి అప్పుడు. వాడు తలుపు వైపు చూడలేదు. సరాసరి కెమెరా వైపు చూశాడు. దానిమీద చిన్న దీపం ఉంటుంది. ఆ దీపాన్ని చూస్తూ "నీళ్లు" అన్నాడు. మామూలుగా, పక్కన కూర్చున్న మనిషితో అన్నట్టు అన్నాడు. వాడి లెక్కలో ఆ దీపమే అమ్మ. నాకు ఆగలేదు. ఆ యాప్‌లో మాట్లాడే మీట ఉంది. నొక్కి, "అమ్మమ్మని నాన్నా, అమ్మ వస్తుంది, పడుకో" అన్నాను. వాడు ఉలిక్కిపడ్డాడు. మంచం అంతా చూశాడు. లేచి నిలబడి, గోడను చేత్తో తడిమాడు. "అమ్మమ్మా" అంటూ గోడలో వెతికాడు. దొరక్క ఏడుపు మొదలుపెట్టాడు. మా అమ్మాయి పరుగెత్తి వచ్చింది. నేను ఎనిమిది వేల మైళ్ల ఇవతల, చేతిలో ఫోన్ పెట్టుకుని, వాణ్ణి ఎత్తుకోలేక కూర్చున్నాను.

ఆ గోడ తడుముతున్న చెయ్యి నేను మర్చిపోలేదు. పిల్లకు మనిషి కావాలి. మనిషిని పిలవడం రావాలి.

ఇంకో కోణం కూడా చెప్పాలి. ఫోన్లో కనబడే కెమెరా అంటే ఇంటర్నెట్‌కు తగిలించిన కెమెరా. ఇంటి కిటికీ లాంటిది. మనం ఇవతలి నుంచి చూస్తాం. గొళ్లెం వెయ్యకపోతే పరాయివాళ్లు అవతలి నుంచి చూస్తారు. 2013లో అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో, రెండేళ్ల పాప గదిలో ఉన్న కెమెరాలోకి ఒక అపరిచితుడు చొరబడ్డాడు. దాని స్పీకర్‌లోంచి పాపను తిట్టాడు. తల్లిదండ్రులు పరుగున వెళ్లి తీగ పీకేశారు. కాబట్టి వాడుతున్నన్నాళ్లూ కొన్నప్పుడు వచ్చిన పాస్‌వర్డ్ మార్చండి. కంపెనీ కొత్త సాఫ్ట్‌వేర్ పంపితే వేసుకోండి. వాడటం మానేశాక స్విచ్ ఒక్కటి ఆపి ఊరుకోకండి. ప్లగ్ పీకండి. యాప్ తీసెయ్యండి. అందులో దాచిన వీడియోలు చెరిపెయ్యండి. ఎవరికైనా ఇచ్చేముందు ఇది తప్పకుండా చెయ్యండి.

పరాయివాళ్ల మాట అలా ఉంచండి. మనం చూడటం కూడా ఒక వయసు తర్వాత తగ్గాలి. నాలుగేళ్లు, ఐదేళ్లు వచ్చిన పిల్లకు సిగ్గు తెలుస్తుంది. తలుపేసుకుని బట్టలు మార్చుకుంటానంటుంది. బొమ్మలతో గుసగుసలాడుకుంటుంది. ఆ గుసగుసలు మనం వినడానికి కాదు. బడికి వెళ్లే వయసు పిల్ల గదిలో కెమెరా ఇంకా ఉందంటే, ఆ పిల్లను అడిగి ఉంచారా అని నేను అడుగుతాను.

పగలు ఆఫీసులో కూర్చుని, ఇంట్లో ఆయా పిల్లను ఎలా చూస్తోందో కెమెరాలో చూసుకునేవాళ్లు హైదరాబాదులో చాలామంది ఉన్నారు. దాని కష్టం వేరు. ఈ ప్రసంగంలోకి దాన్ని తేను.

అయితే కొన్ని ఇళ్లలో నా కుక్కరు మాట పనికిరాదు. పిల్లకు మూర్ఛ ఉండొచ్చు. నెలలు నిండకుండా పుట్టి ఉండొచ్చు. ఊపిరి సమస్య ఉండొచ్చు. రాత్రిపూట చక్కెర పడిపోయే డయాబెటిస్ ఉండొచ్చు. ఆటిజం ఉండి, రాత్రి లేచి తలుపు తీసుకుని వెళ్లిపోయే అలవాటు ఉండొచ్చు. ఆ పిల్లలు ఎంత పెద్దవాళ్లైనా, పిలవలేని క్షణం వాళ్లకు వస్తుంది. డాక్టరు పెట్టమన్న యంత్రం వేరు, మనం కొనుక్కున్న యంత్రం వేరు. డాక్టరు పెట్టమన్నది డాక్టరు తియ్యమన్నప్పుడే తియ్యాలి. అలాగే తల్లిదండ్రులకే వినికిడి లేకపోతే, లైటు వెలిగించి, తలగడ కింద అదిరి లేపే మానిటర్లున్నాయి. వాళ్లకు అదే చెవి. అలాంటి ఇళ్లలోని తల్లులూ తండ్రులూ నా మాట విని ఒక్క నిమిషం కూడా తప్పుచేస్తున్నామనుకోవద్దు.

మామూలు పిల్లకు కూడా జ్వరం వచ్చిన రాత్రి, వాంతులైన రాత్రి, కొత్త ఇంటికి మారిన రాత్రి మళ్లీ పాలగిన్నె దశే. ఆ రోజు మానిటర్ మళ్లీ పెట్టుకోండి. లేదా, నా మాట వింటే, చాప తీసుకెళ్లి పిల్ల గదిలోనే పడుకోండి. మర్నాడు జ్వరం తగ్గితే చాప చుట్టేయండి.

మళ్లీ మా ఇంటి సంగతికి వద్దాం. నాలుగో వారంలో ఒక రాత్రి. యంత్రం ఆపేసి మూడు రోజులైంది. సుమారు రెండింటప్పుడు నాకు మెలకువ వచ్చింది. హాల్లో చిన్న లైటు వెలుగుతోంది. అడుగుల చప్పుడు. మెత్తగా, ఆగి ఆగి. బుజ్జిగాడు ఒక చేత్తో దిండు ఈడ్చుకుంటూ వచ్చాడు. అమ్మ గది దాకా వెళ్లి, జానెడు తెరిచిన తలుపు ముందు నిలబడ్డాడు. "అమ్మా" అన్నాడు. గట్టిగా కాదు. మా అమ్మాయి మొదటి పిలుపుకే లేచింది. పదకొండుసార్లు లేచే మనిషి ఆ రాత్రి ఒక్కసారే లేచింది. నీళ్లు తాగించి, వాణ్ణి ఎత్తుకుని తీసుకెళ్లి పడుకోబెట్టి వచ్చింది. వచ్చి మళ్లీ నిద్రపోయింది. దాని గురక నాకు వినబడింది. ఎన్నాళ్లకో!

మర్నాడు గోడ మీంచి కెమెరా తీశారు. మేకు ఉన్నచోట వాడు గీసిన బొమ్మ ఒకటి తగిలించారు. నేను తెనాలి వచ్చేముందు మా అమ్మాయి నా ఫోన్ తీసుకుని, "అమ్మా, దీంట్లో కూడా తీసేస్తున్నాను" అంది. సరే అన్నాను. అన్నానే గానీ, ఇంటికొచ్చాక మొదటి పొద్దున కాఫీ గ్లాసుతో వరండాలో కూర్చుంటే, వేలు దానంతటదే ఆ యాప్ ఉండే చోటికి వెళ్లింది. అక్కడ ఏమీ లేదు. మనవడు నిద్రపోయాడో లేదో నాకు తెలియదు. తెలియకుండానే కాఫీ తాగాను. కష్టంగానే ఉంది.

ఓ వారం పోయాక, పొద్దున ఏడున్నర దాటింది. ఫోన్ మోగింది. వాళ్లమ్మ ఫోన్లో వాడే నొక్కాడట. "అమ్మమ్మా, నేను పడుకోబోతున్నా. నువ్వు లేచావా?" అన్నాడు.